ముస్తఫా బోర్డు ఎందుకు ఆగుతుంది?

ఆగిపోయిన వీడియో గేమ్ బోర్డు బల్ల మీదికి రాగానే చాలామంది మెకానిక్‌ల చూపు ముందు పెద్ద చిప్ మీద పడుతుంది. 64 కాళ్ల 68000 ప్రాసెసర్ నడుమ కూర్చుని ఉంటుంది కాబట్టి జబ్బు కూడా దానికే అనుకుంటారు. నిజానికి బోర్డు మీద అరుదుగా పాడయ్యే భాగాల్లో ప్రాసెసర్ ఒకటి. తరచూ పాడయ్యేవి దానికి కరెంటు తెచ్చే దారి, చుట్టూ ఉండే చిల్లర చిప్‌లు, తుప్పు పట్టిన సాకెట్లు. వరంగల్ చుట్టుపక్కల అటకల మీద, గోదాముల్లో మిగిలిన పాత పార్లర్ డబ్బాలను మళ్లీ లేపాలనుకునేవాళ్లు ఈ సంగతి పట్టుకుంటే చాలా డబ్బు, అంతకంటే ఎక్కువ కాలం మిగులుతాయి.

1990లలో హన్మకొండ, కాజీపేట, గోదావరిఖని, మంచిర్యాల గల్లీల్లో పిల్లలు ఎగబడి ఆడిన ఆటలు కొన్నే. క్యాప్‌కామ్ 1991లో తెచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2, అదే కంపెనీ 1993లో తెచ్చిన క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ (ఆ పేరుతో దాన్ని ఎవరూ పిలవలేదు, అందరికీ అది ముస్తఫానే), నియో జియో మీద నడిచే కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97. వీటన్నిటికీ డబ్బాతో సంబంధం ఒకే కనెక్టర్ ద్వారా ఉంటుంది. జపాన్ తయారీదారుల సంఘం 1985లో ఖరారు చేసిన జామా కనెక్టర్ అది. ఒక పక్క 28, రెండో పక్క 28, మొత్తం 56 కాళ్లు. కాలికీ కాలికీ మధ్య 3.96 మిల్లీమీటర్లు. భాగాలు కనిపించే వైపు 1, 2 గ్రౌండ్. 3, 4 ఐదు వోల్ట్లు. 5 మైనస్ ఐదు. 6 పన్నెండు వోల్ట్లు. 7వ చోట కాలు ఉండదు, అది తాళంచెవి గాడి. 10 స్పీకర్, 12 ఎరుపు, 13 నీలం, 15 టెస్ట్ స్విచ్, 27, 28 మళ్లీ గ్రౌండ్. వెనక వైపు మొదటి ఆరు కాళ్లు కూడా కరెంటువే. 12వ చోట ఆకుపచ్చ, 13వ చోట సింక్. ఈ వరుస నోటికి రావాలి. పరీక్ష అంతా దీని మీదే నడుస్తుంది.

ఐదు వోల్ట్ల దారి

బోర్డు మీద చిప్‌లు చాలావరకు టీటీఎల్ (74తో మొదలయ్యే నంబర్ల మామూలు లాజిక్ చిప్‌లు) రకం. వాటికి 4.75 నుంచి 5.25 వోల్ట్ల మధ్య కరెంటు కావాలి. అంతకు తగ్గితే బోర్డు చావదు, తిక్కతిక్కగా ప్రవర్తిస్తుంది: ఆట మధ్యలో మొదటికొస్తుంది, బొమ్మలు చెదురుతాయి, పొద్దున ఆడిన బోర్డు మధ్యాహ్నానికి మొండికేస్తుంది. ఇవి చూసి ర్యామ్ పోయిందనో ప్రాసెసర్ పోయిందనో తేల్చేస్తారు. ఎస్‌ఎంపీఎస్ (డబ్బాలో కరెంటు సప్లై ఇచ్చే పెట్టె) దగ్గర మీటర్ పెడితే 5.1 చూపిస్తుంది కాబట్టి సప్లైని ఎవరూ అనుమానించరు.

కొలవాల్సింది అక్కడ కాదు. ఆట నడుస్తుండగా, బోర్డు మీద కనెక్టర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న ఒక చిప్ కాళ్ల మీద కొలవాలి. 14 కాళ్ల చిప్ అయితే 7, 14. 16 కాళ్లదైతే 8, 16. 20 కాళ్లదైతే 10, 20. దాదాపు అన్ని 74 సిరీస్ చిప్‌లకూ గ్రౌండ్, ఐదు వోల్ట్లు ఈ మూలల్లోనే ఉంటాయి. అక్కడ 4.7 వచ్చి, ఎస్‌ఎంపీఎస్ దగ్గర 5.1 ఉంటే, మధ్యలో 0.4 వోల్ట్లు ఎక్కడో పోతున్నాయి. ఎక్కడంటే కనెక్టర్‌లోనే. లెక్క తేలిక: బోర్డు నాలుగు ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే, తీగలో, నల్లబడ్డ కాళ్లలో కలిపి 0.1 ఓమ్ అడ్డు ఉన్నా 0.4 వోల్ట్లు పడిపోతాయి. అంటే 1.6 వాట్ల వేడి ఆ కొద్ది జాగలోనే పుడుతుంది. ఆ వేడికి కాళ్లు ఇంకా నల్లబడతాయి, అడ్డు ఇంకా పెరుగుతుంది. జామా చివర మొదటి నాలుగు వేళ్లు (కనెక్టర్‌లోకి దిగే బోర్డు అంచు మీది రాగి పట్టీలు) మాడినట్టు కనిపించే బోర్డులన్నిటి కథా ఇదే.

దీనికి పార్లర్లలో పడ్డ అలవాటు, ఎస్‌ఎంపీఎస్ మీది స్క్రూ తిప్పి వోల్టేజ్ పెంచడం. ఆ రోజుకు పని జరుగుతుంది. తర్వాత అదే డబ్బాలో తక్కువ కరెంటు తీసుకునే వేరే బోర్డు పెడితే దానికి 5.4 వోల్ట్లు చేరతాయి. సరైన పని వేళ్లను తెల్ల రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, డబ్బా వైపు కనెక్టర్‌లో స్ప్రింగు బిగువు పోయి ఉంటే దాన్ని మార్చడం. గరుకు కాగితం వాడకూడదు. పైనున్న పలుచటి బంగారు పూత లేచిపోతే కింది రాగి ఒక్క వానాకాలంలోనే నల్లబడుతుంది. ఐదు వోల్ట్లకు రెండు, గ్రౌండ్‌కు రెండు లావు తీగలు ఉండాలి. చాలా డబ్బాల్లో ఒక్కటే సన్న తీగ లాగి, మిగతా కాళ్లను కనెక్టర్ దగ్గరే కలిపేసి ఉంటారు.

ఎస్‌ఎంపీఎస్ సంగతి వేరు. మండు వేసవిలో రామగుండం, మంచిర్యాల వైపు బయటే 45 డిగ్రీలు దాటుతుంది. రేకుల షెడ్డులో, మూసిన చెక్క డబ్బా లోపల, పిక్చర్ ట్యూబు వేడి కూడా కలిస్తే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు గబగబా కరుగుతుంది. పది డిగ్రీలు పెరిగితే జీవితకాలం దాదాపు సగమవుతుంది. మొదట పోయేవి ఐదు వోల్ట్ల అవుట్‌పుట్ దగ్గరి కెపాసిటర్లు. అవి ఎండితే మీటర్‌లో డీసీ సరిగ్గానే కనిపిస్తుంది, కానీ దాని మీద అలలు ఎక్కుతాయి. మీటర్‌ను ఏసీ రేంజ్‌లో పెట్టి ఐదు వోల్ట్ల లైన్ మీద చూస్తే కొంత ఆచూకీ దొరుకుతుంది. వంద మిల్లీవోల్ట్లు దాటితే అనుమానించాలి. మామూలు మీటర్ ఆ వేగాన్ని సరిగ్గా చదవలేదు కాబట్టి అంకె తక్కువొచ్చినంత మాత్రాన సప్లై బాగుందని కాదు. అసిలోస్కోప్ ఉంటే ఆ సందేహమే ఉండదు. కొత్త కెపాసిటర్లు 105 డిగ్రీల రకమే వేయాలి, 85 రకం వద్దు.

పాత కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ పెట్టి నడిపించిన డబ్బాలు కూడా కనబడతాయి. ఐదు వోల్ట్లు సరిచేసే స్క్రూ వాటికి బయట ఉండదు, కొత్త రకాల్లో మైనస్ ఐదు లైనే ఉండదు. 1990ల బోర్డుల్లో చాలావాటికి మైనస్ ఐదు అక్కర్లేదు. అంతకు ముందు తరంవాటిలో మాత్రం 4116 డైనమిక్ ర్యామ్‌కు మైనస్ ఐదు, ఐదు, పన్నెండు మూడూ కావాలి. మైనస్ ఐదు లేకుండా మిగతావి ఇస్తే ఆ చిప్‌లు కాలిపోతాయి.

కనెక్టర్‌ను తిరగేసి పెట్టడం మరో పెద్ద కారణం. తాళంచెవి ముక్క ఊడిపోయిన కనెక్టర్ రెండు వైపులా పడుతుంది. తిరగేస్తే 1వ కాలు 28కి, 3వది 26కి, 6వది 23కి వెళ్తుంది. గ్రౌండ్ మాత్రం గ్రౌండ్ మీదే పడుతుంది, కాబట్టి ఫ్యూజు పోదు, మంట రాదు, ఎవరికీ తెలియదు. పన్నెండు వోల్ట్లు నేరుగా రెండో బటన్ లైన్‌లోకి, మైనస్ ఐదు మూడో బటన్ లైన్‌లోకి పోతాయి. ఆట అంతా బాగుండి ఇద్దరు ఆటగాళ్లకూ రెండో బటన్ మాత్రమే పనిచేయకపోతే ఎవరో ఎప్పుడో కనెక్టర్ తిరగేసి పెట్టారని గట్టిగా చెప్పొచ్చు. ఆ కాలి నుంచి రాగి గీత పట్టుకుని వెళ్తే తగిలే మొదటి బఫర్ చిప్‌ను మార్చాలి.

కడగడం, చూడడం

గోదావరిఖని బస్తీల్లో పెట్టిన డబ్బాల్లో బొగ్గు పొడి, ఎన్‌టీపీసీ వైపు బూడిద, ఎనుమాముల మార్కెట్ దగ్గరైతే పత్తి పీచు. పొడిగా ఉన్నంతకాలం వీటితో పెద్ద నష్టం లేదు. వానాకాలంలో తేమ పట్టాక చిప్ కాళ్ల మధ్య కరెంటు జారడం మొదలవుతుంది. బోర్డును గిన్నెలు తోమే సబ్బు నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో కడగొచ్చు. చాలామందికి భయం గానీ కరెంటు లేనప్పుడు నీళ్లతో బోర్డుకు ఏమీ కాదు. ముందు బ్యాటరీ తీసేయాలి (క్యాప్‌కామ్ అసలు బోర్డుల్లో కొన్నిటికి మాత్రం బ్యాటరీ తీస్తే ప్రోగ్రామ్ తాళంచెవే పోతుంది, ఆ సంగతి చివర్లో). చివర డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి, ఆల్కహాల్‌తో ఒకసారి తడిపి ఆరబెట్టాలి. ఎండలో పెట్టేటప్పుడు ఈప్రామ్‌ల (ఆట ప్రోగ్రామ్, బొమ్మలు రాసి ఉండే చిప్‌ల) కిటికీల మీద స్టిక్కర్లు ఉన్నాయో లేవో చూడాలి. నేరుగా ఎండ తగిలితే వారంలో ఈప్రామ్ చెరిగిపోతుందని తయారీదారుల డేటాషీట్లే చెబుతాయి.

కరెంటు ఇచ్చే ముందు ఐదు వోల్ట్లకూ గ్రౌండ్‌కూ మధ్య ఓమ్‌లు కొలవాలి. రెండు ఓమ్‌ల కంటే తక్కువ వస్తే షార్ట్ అనుకోవచ్చు. ఎక్కువసార్లు దోషి టాంటలమ్ కెపాసిటర్. దాన్ని మార్చేటప్పుడు గీత ఉన్న కాలు ప్లస్ అని గుర్తుంచుకోవాలి. మామూలు ఎలక్ట్రోలిటిక్‌లో గీత మైనస్‌కు ఉంటుంది కాబట్టి చెయ్యి అలవాటుగా తిప్పేసి పెడుతుంది. తిప్పిపెట్టిన టాంటలమ్ నిప్పు కక్కుతుంది.

తర్వాత సాకెట్లు. 30 ఏళ్ల చౌక సాకెట్ల పట్టు ఒక పక్కే ఉంటుంది, అదీ వదులైపోయి ఉంటుంది. వేలితో నొక్కగానే ఆట మొదలైతే సంబరపడాల్సింది లేదు. చిప్‌ను పూర్తిగా తీసి, నల్లబడ్డ కాళ్లను శుభ్రం చేసి, సాకెట్‌నే గుండ్రటి మెషిన్ పిన్ రకానికి మార్చాలి. వెండి పూత కాళ్లు నల్లబడి పెళుసెక్కి ఉంటాయి. స్క్రూడ్రైవర్‌తో ఒక చివర నుంచి లేపితే రెండో చివర కాళ్లు విరుగుతాయి. అటూ ఇటూ కొద్దికొద్దిగా లేపాలి.

ప్రాణం ఉందా?

సప్లై సరిగ్గా ఉండి, తెర మీద వెలుగే తప్ప ఆట లేదనుకుందాం. అప్పుడు ప్రాసెసర్ దగ్గర మూడు సంగతులు చూడాలి: కరెంటు, క్లాక్ (దాన్ని నడిపించే, ఆగకుండా కొట్టుకునే పల్స్), రీసెట్ (మొదటి నుంచి మొదలుపెట్టించే సంకేతం). 64 కాళ్ల 68000లో క్లాక్ 15వ కాలు, హాల్ట్ 17, రీసెట్ 18. జెడ్80లో క్లాక్ 6, రీసెట్ 26, కరెంటు 11, గ్రౌండ్ 29. లాజిక్ ప్రోబ్ (కాలు పైకి ఉందో, కిందికి ఉందో, కొట్టుకుంటోందో దీపంతో చూపే పెన్ను) పెడితే క్లాక్ కాలి మీద పల్స్ మెరవాలి. రీసెట్ ఒక క్షణం కింద ఉండి పైకి లేచి అక్కడే నిలవాలి. క్లాక్ లేకపోతే క్రిస్టల్, దాని పక్కన 74ఎల్ఎస్04 లాంటి చిప్. క్రిస్టల్ కాలు ఎక్కడో తగిలి విరిగి ఉండడం మామూలే.

రీసెట్ కాలు సెకనుకో రెండు సెకన్లకో పడిలేస్తుంటే అది వాచ్‌డాగ్ పని. ప్రోగ్రామ్ మధ్యమధ్యలో ఒక చిరునామాకు రాసి తాను బతికే ఉన్నానని చెబుతుండాలి. చెప్పకపోతే వాచ్‌డాగ్ ప్రాసెసర్‌ను మళ్లీ మొదలుపెట్టిస్తుంది. కాబట్టి వాచ్‌డాగ్ కొట్టుకుంటోందంటే ప్రాసెసర్ ప్రోగ్రామ్‌ను సరిగ్గా చదవలేకపోతోంది, లేదా పని చేసుకునే ర్యామ్ అబద్ధం చెబుతోంది. ఈ రెంటిలో ఏదో తేల్చాలంటే ముందు ఈప్రామ్‌లు చదవాలి.

చదవడానికి టీఎల్866 లాంటి ప్రోగ్రామర్ చాలు. చదివిన ఫైలును మేమ్ ఎమ్యులేటర్‌తో (పాత ఆర్కేడ్ ఆటలను కంప్యూటర్ మీద నడిపించే ప్రోగ్రామ్‌తో) పోల్చి చూస్తే, తెలిసిన రోమ్ అయితే పేరు, స్థానం కూడా చెప్పేస్తుంది. ఒకే చిప్ మూడుసార్లు చదివితే మూడు రకాల చెక్‌సమ్ వస్తే దానిలోని చార్జి కారిపోతోందని అర్థం. కొత్తది రాసేటప్పుడు వోల్టేజ్ చూసుకోవాలి: 2732కు 25 వోల్ట్లు, 2732ఏ కు 21, పాత 2764కు 21, 2764ఏ, 27256లకు 12.5. టీఎల్866 రెండో రకం 18 వోల్ట్ల వరకే ఇస్తుంది కాబట్టి పాత 2764లు దానితో చదవొచ్చు, నమ్మకంగా రాయలేం.

మేమ్ వల్ల ఇంకో పెద్ద లాభం ఉంది. కాపీ బోర్డులకు సర్క్యూట్ పటం దొరకదు. మేమ్ సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంది; అందులో ఒక్కో ఆట డ్రైవర్‌లో ఏ చిరునామాలో ఏ ర్యామ్ ఉందో, ఏ క్రిస్టల్ ఎంత వేగమో, చాలాసార్లు చిప్‌ల అమరికతో సహా రాసి ఉంటుంది. పటం లేని బోర్డుకు అదే పటం.

తెరను చదవడం

ఆట నడుస్తోంది, శబ్దం వస్తోంది, బొమ్మ మాత్రం చెడింది. ఇలాంటి బోర్డు రావడం అదృష్టం. ప్రాసెసర్, ప్రోగ్రామ్ రోమ్, వర్క్ ర్యామ్ అన్నీ బాగున్నాయని బోర్డే చెబుతోంది. ఇక వాటి జోలికి పోకూడదు.

ఒక రంగే లేకపోతే ముందు తేలాల్సింది తప్పు బోర్డుదా, మానిటర్‌దా అన్నది. కనెక్టర్ దగ్గర ఎరుపు, ఆకుపచ్చ తీగలు తారుమారు చేయాలి. తెర మీద పోయిన రంగు మారితే తప్పు బోర్డులో. అదే రంగు పోయి ఉంటే మానిటర్‌లో. బోర్డులో అయితే ఆ రంగు రెసిస్టర్ల నిచ్చెన, దాని ముందున్న లాచ్ చిప్. ఆకారాలన్నీ సరిగ్గా ఉండి రంగులు మాత్రం పిచ్చిపిచ్చిగా ఉంటే పాలెట్ ర్యామ్.

మనుషుల బొమ్మల్లో సన్నటి నిలువు చారలు, వెనక దృశ్యం శుభ్రం: బొమ్మల రోమ్‌లలో ఒక డేటా లైన్ తెగింది, లేదా ఆ బిట్లను ఒక్కొక్కటిగా బయటికి తోసే షిఫ్ట్ రిజిస్టర్ పోయింది. రోమ్ సాకెట్‌లో ఒక కాలు వంగి లోపలికి మడిచి ఉన్నా ఇదే కనిపిస్తుంది, కాబట్టి ముందు అది చూడాలి. వెనక దృశ్యంలో గళ్లు గళ్లుగా తప్పు ముక్కలు వస్తే ఆ పొర తాలూకు వీడియో ర్యామ్, లేదా దాని అడ్రస్ లైన్లు. మనుషుల బొమ్మల్లో ఒక గీత వదిలి ఒక గీత మాయమైతే లైన్ బఫర్. ఒక గీతను తెరకు పంపుతున్నప్పుడే తర్వాతి గీతను రెండో బఫర్‌లో సిద్ధం చేస్తారు. రెండింటిలో ఒకటి పోతే సరిగ్గా సగం గీతలు పోతాయి.

అనుమానం వచ్చిన ర్యామ్ మీద అలాంటిదే మంచి చిప్ ఎక్కించి కాళ్లు ఆనించి చూసే పద్ధతి ఒకటి ఉంది. అవుట్‌పుట్ పూర్తిగా తెగిపోయిన చిప్ విషయంలోనే అది పనిచేస్తుంది. పాత చిప్ తప్పు డేటాను గట్టిగా నెడుతుంటే పైన ఎక్కించిన చిప్ దాన్ని గెలవలేదు. అంటే ఎక్కించగానే బొమ్మ బాగుపడితే జవాబు దొరికినట్టే, బాగుపడకపోతే ఏమీ తేలనట్టే. కింది చిప్ మంచిదని అనేసుకోవడం ఇక్కడ జరిగే పొరపాటు.

టీటీఎల్ చిప్‌లను లాజిక్ ప్రోబ్‌తో చూడాలి. మంచి అవుట్‌పుట్ కిందకు పడితే 0.5 వోల్ట్ల లోపు, పైకి లేస్తే 2.7 పైన ఉంటుంది. ఇన్‌పుట్ కాళ్లన్నిటి మీదా పల్స్ ఉండి ఒక అవుట్‌పుట్ మాత్రం 1.5 వోల్ట్ల దగ్గర వేలాడుతుంటే ఆ కాలు లోపల తెగిపోయింది. డేటా బస్ మీద మూడో స్థితిలోకి వెళ్లే 74ఎల్ఎస్245, 74ఎల్ఎస్373 లాంటివి మాత్రం మధ్యమధ్య వేలాడడం సహజం, వాటి ఎనేబుల్ కాలును కూడా చూశాకే తీర్పు చెప్పాలి. తయారీదారును బట్టి కూడా అనుమానం మొదలుపెట్టొచ్చు: ఫుజిట్సు ముద్ర ఉన్న 74ఎల్ఎస్ చిప్‌లు, అంటే ఎంబీ74 అని మొదలయ్యేవి, ఆర్కేడ్ మరమ్మతు చేసేవాళ్లందరికీ పేరుమోసిన రోగులు. పైకి ఏమీ కనిపించదు, వేడెక్కవు కూడా. అవుట్‌పుట్‌లు ఊరికే తెగిపోతాయి. బోర్డు మీద అవి నాలుగైదు ఉంటే ముందు వాటి దగ్గరికే వెళ్లడం మూఢనమ్మకమేం కాదు.

తీయడం, పెట్టడం

పోయిన చిప్‌ను దాచుకోవాల్సిన పని లేదు, బోర్డునే కాపాడాలి. పదునైన కట్టర్‌తో కాళ్లన్నీ చిప్ పక్కనే కత్తిరించి, ఒంటి మీది నల్ల ముక్కను తీసేసి, మిగిలిన కాళ్లను ఒక్కొక్కటిగా వేడి చేసి పట్టకారుతో లాగాలి. రంధ్రంలో మిగిలిన పాత సోల్డర్ మీద కొద్దిగా కొత్త సోల్డర్, ఫ్లక్స్ వేసి కరిగించాకే సక్కర్ కొట్టాలి; పాతది ఒక్కటే అయితే సరిగ్గా కదలదు. 63/37 సోల్డర్ 183 డిగ్రీలకే కరుగుతుంది, బిట్ 330 నుంచి 350 మధ్య ఉంటే చాలు.

ఇబ్బంది పెట్టేవి గ్రౌండ్, ఐదు వోల్ట్ల కాళ్లు. నాలుగు పొరల బోర్డుల్లో అవి లోపలి రాగి రేకుకు కలిసి ఉంటాయి, వేడిని అదే మింగేస్తుంది. అందరి దగ్గరా ఉండే 25 వాట్ల ఐరన్ అక్కడ చాలదు. చాలక బలంగా లాగితే రంధ్రం లోపలి రాగి గొట్టం కూడా కాలితో పాటు వచ్చేస్తుంది, ఆ తర్వాత పైపొరకూ కిందిపొరకూ సంబంధం ఉండదు. ఉష్ణోగ్రత స్థిరంగా నిలిపే స్టేషన్, లావు బిట్ కావాలి. హాట్ ఎయిర్‌తో ఆ భాగాన్ని కింది వైపు నుంచి కాస్త వెచ్చబెడితే ఇంకా నయం. కొత్త సాకెట్ పెట్టాక ప్రతి కాలి నుంచి రాగి గీత వెళ్లే తర్వాతి చిప్ దాకా కంటిన్యుటీ చూడాలి. తెగిన గీతకు 30 గేజ్ సన్న తీగ. ఈ పరీక్ష మానేసినవాళ్లు కొత్త చిప్ కూడా పాడైందని మూడో చిప్ కోసం తిరుగుతుంటారు.

శబ్దం గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఆట బాగుండి అసలు శబ్దమే లేకపోతే పన్నెండు వోల్ట్లు చూడాలి. చాలా బోర్డుల్లో ఆ లైన్ ఆంప్లిఫైయర్‌కే పోతుంది. అది ఉంటే ఆంప్లిఫైయర్ చిప్. ఇవి కారు స్టీరియోల్లో వాడినవే కాబట్టి ఇప్పటికీ దొరుకుతాయి. కేకలు, దెబ్బల శబ్దం వచ్చి సంగీతం మాత్రం రాకపోతే వైఎం2151 చిప్ గానీ, దాని పక్కనుండే వైఎం3012 గానీ పోయి ఉంటుంది. ఎక్కువసార్లు రెండోదే.

అసలు కంటే కాపీ నయం

వినడానికి వింతగా ఉంటుంది గానీ, మరమ్మతు చేసేవాడికి అసలైన క్యాప్‌కామ్ బోర్డు కంటే దాని దొంగ కాపీ నయం. అసలు బోర్డులో బొమ్మల పని అంతా కంపెనీ సొంతంగా చేయించుకున్న ఒకటి రెండు చిప్‌లు చూసుకుంటాయి. అవి పోతే బజారులో దొరకవు. అలాంటిదే ఇంకో బోర్డును బలి చేయాలి. పాత కాపీలు చేసినవాళ్లకు ఆ చిప్‌లు దొరకలేదు కాబట్టి ఆ పని మామూలు 74 సిరీస్ చిప్‌లతో చేయించారు. బోర్డు పెద్దదైంది, చిప్‌లు వందకు పైగా చేరాయి, కానీ ప్రతి ఒక్కటీ కొనదగ్గదే. అన్ని కాపీలూ ఇలా ఉండవు: స్ట్రీట్ ఫైటర్ 2 కాపీల్లో కొన్నిటి మీద ఆక్టెల్ కంపెనీ 84 కాళ్ల చిప్‌లు ఉంటాయి. వాటిలోని సర్క్యూట్ ఒక్కసారే రాసేది. పోతే ఆ బోర్డును విడిభాగాలకు పక్కన పెట్టాల్సిందే.

అసలు బోర్డుల్లో ఇంకో చిక్కు బ్యాటరీ. క్యాడిలాక్స్ అసలు బోర్డులో శబ్దం నడిపే ప్రాసెసర్ కబుకి అనే రకం, జెడ్80కే రహస్య తాళం వేసిన రూపం. దాని తాళంచెవి బ్యాటరీ బలంతో ర్యామ్‌లో నిలిచి ఉంటుంది. బ్యాటరీ అయిపోతే చెవి పోతుంది, శబ్దం పోతుంది. విరుగుడు ఉంది: మామూలు జెడ్80 పెట్టి, తాళం విప్పిన ప్రోగ్రామ్‌ను ఈప్రామ్‌లో రాసి పెట్టడం. 1993లో మొదలైన క్యాప్‌కామ్ తర్వాతి తరం సీపీఎస్-2 బోర్డుల్లో ప్రధాన ప్రోగ్రామ్‌కే ఇలాంటి తాళం ఉంది. బ్యాటరీ పోయాక తెర మొత్తం ఒకే రంగుతో నిలిచిపోతుంది. చాలాకాలం అలాంటి బోర్డులను శాశ్వతంగా చచ్చినవిగానే లెక్కేశారు. 2016 నుంచి చిన్న మైక్రోకంట్రోలర్‌తో ఆ చెవిని తిరిగి ఎక్కించే మార్గం అందరికీ అందుబాటులోకి వచ్చింది. కాబట్టి ఒకే రంగు చూపించే సీపీఎస్-2 బోర్డును తుక్కు ధరకు అమ్ముకోవద్దు.

కింగ్ ఆఫ్ ఫైటర్స్ ఆడే నియో జియో ఎంవీఎస్ బోర్డులో బ్యాటరీ అయిపోవడం కంటే కారడం ప్రమాదం. చాలా మోడళ్లలో ఉండేది 3.6 వోల్ట్ల నికెల్ క్యాడ్మియం రకం. కారిన క్షారం పక్కనున్న బ్యాకప్ ర్యామ్, గడియారం చిప్‌ల దగ్గర గీతలను తినేస్తుంది. తెర మీద బ్యాకప్ ర్యామ్ ఎర్రర్ అని, ఏ చిరునామాలో ఏం రాస్తే ఏం వచ్చిందో కూడా కనిపిస్తుంది. బ్యాటరీ తీసి, ఆ చోట తెల్ల వెనిగర్ అద్ది క్షారాన్ని విరిచి, నీళ్లతో, ఆల్కహాల్‌తో కడిగి, నల్లబడ్డ గీతలను గీకి కంటిన్యుటీ చూడాలి. రాసింది, చదివింది పోల్చితే ఏ డేటా లైన్ తెగిందో తేలుతుంది: 5555 రాస్తే 5551 వచ్చిందంటే రెండో నంబరు బిట్ ఒక్కటే పోతోంది, సున్నా నుంచి లెక్కపెడితే. కొత్తగా లిథియం నాణెం బ్యాటరీ పెట్టేవాళ్లు చార్జింగ్ దారిని డయోడ్‌తో ఆపాలి. లిథియం నాణేనికి చార్జింగ్ ఎక్కితే పగులుతుంది.

విడిభాగాలు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలోనే ఎక్కువగా దొరుకుతాయి. అక్కడ 74245 అని అడిగితే 74హెచ్‌సీ245 చేతిలో పెట్టే అవకాశం ఉంది. అది వద్దు. ఎల్ఎస్ చిప్ పైకి లేచినప్పుడు 2.7 వోల్ట్లకే హామీ ఇస్తుంది, హెచ్‌సీ చిప్‌కు ఐదు వోల్ట్ల దగ్గర 3.5 కావాలి. బల్ల మీద పనిచేసినట్టే ఉండి వేసవిలో మొరాయిస్తుంది. ఎల్ఎస్ దొరక్కపోతే హెచ్‌సీటీ తీసుకోవచ్చు. పాత యమహా చిప్‌లు, 68000ల విషయంలో పైన అక్షరాలు కొత్తగా మెరుస్తుంటే అసిటోన్‌తో తుడిచి చూడాలి. పేరు చెరిగిపోతే అది పేరు మార్చిన సరుకు.

బాగైన బోర్డును పది నిమిషాలు ఆడించి అప్పగించడం సరిపోదు. మూసిన డబ్బాలో, మధ్యాహ్నం వేడికి, కనీసం నాలుగు గంటలు డెమో తిరగనివ్వాలి. వేడెక్కాక వచ్చే తప్పును పట్టడానికి ఒక్కో చిప్ మీద హెయిర్ డ్రయర్‌తో కొద్దిసేపు వెచ్చగాలి కొట్టి చూడొచ్చు. ఆర్టీసీ కార్గోలో మంచిర్యాలకో ఆదిలాబాద్‌కో పంపేటట్టయితే థర్మోకోల్‌ను నేరుగా ఆనించకుండా ముందు యాంటీ స్టాటిక్ కవర్‌లో పెట్టాలి. దారి కుదుపులకు సాకెట్లలోని ఈప్రామ్‌లు పైకి లేస్తాయి. పార్సిల్ విప్పిన చోట ముందు అన్నిటినీ బొటనవేలితో నొక్కి కూర్చోబెట్టి, ఐదు వోల్ట్లను బోర్డు మీదే కొలిచి 5.0కి సరిచేసి, ఆ తర్వాతే ఆట మొదలుపెట్టాలని పార్సిల్ మీద రాసి పంపడం మంచిది. లేకపోతే అదే బోర్డు పాడైందని వారంలో తిరిగొస్తుంది.